నాలుగు పాత వైడ్ లెన్సులు, ఒక జోర్కి, విశాఖ ఎండ

జనవరి, మూడో వారం

అసలు పని పాత ఊరి ఇళ్ళను ఫిలిం మీద తీసిపెట్టడం. టౌన్ హాలు చుట్టుపక్కల, కురుపాం మార్కెట్ వెనక సందులు, పాత పోస్టాఫీసు వైపు ఇంకా కూలగొట్టని పెంకుటిళ్ళు, రాస్ హిల్ దిగువన వరండాలున్న మేడలు. అన్నీ ఇరుకే. ఎదురింటి గోడకి వీపు ఆనించి నిలబడ్డా, 50 ఎం.ఎం. లెన్సులో గుమ్మం పడితే పైన పిట్టగోడ పడదు. వైడ్ లెన్సు లేకుండా పని మొదలు కాదు. ఏ లెన్సు అన్నది తేల్చుకోవడానికే ఈ డైరీ.

కెమెరా జోర్కి-4. మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీలో 1956 నుంచి 1973 దాకా చేసిన రేంజ్‌ఫైండర్, అంటే లెన్సులోంచి కాకుండా వేరే కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే కెమెరా. ఇప్పుడు బల్ల మీద నాలుగు లెన్సులున్నాయి. రెండు 35 ఎం.ఎం., రెండు 28 ఎం.ఎం. (అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు పడుతుంది). 35ల్లో ఒకటి సోవియట్ జూపిటర్-12, ఎఫ్/2.8 (ఎఫ్ అంకె అపర్చర్‌ది, అంటే వెలుగు వచ్చే కంతది; అంకె చిన్నదైతే కంత పెద్దది). రెండోది లైకా కెమెరాలు చేసిన లైట్జ్ వాళ్ళ సమ్మారాన్, ఎఫ్/3.5. 28ల్లో ఒకటి కెనాన్ 1951లో తెచ్చిన ఎఫ్/3.5. మరొకటి సోవియట్ ఓరియన్-15, దాని పెద్ద అపర్చరే ఎఫ్/6. జూపిటర్, ఓరియన్ నావి. సమ్మారాన్ డాబాగార్డెన్స్‌లో ఒకప్పుడు స్టూడియో నడిపిన మాస్టారిది. కెనాన్ గాజువాక మిత్రుడు అరువిచ్చాడు.

నాలుగిటికీ మర ఒకటే: 39 ఎం.ఎం. వ్యాసం, అంగుళానికి 26 చుట్లు, లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిలిం దాకా 28.8 ఎం.ఎం. లైకా 1930ల మొదట్లో ఖాయం చేసిన కొలత ఇది. తర్వాత జపాను వాళ్ళూ, రష్యా వాళ్ళూ దీన్నే పట్టుకున్నారు. అందుకే మూడు దేశాల లెన్సులు ఒకే కెమెరాకి బిగుస్తున్నాయి.

రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్సుల మీద నాకింత మమకారం ఎందుకో ఇక్కడే రాసి పెట్టుకుంటాను. ఎస్సెల్లార్ కెమెరాలో లెన్సుకీ ఫిలింకీ మధ్య అద్దం లేచి పడుతుంది. దానికి చోటివ్వాలంటే వైడ్ లెన్సు వెనక్కి రాకూడదు. కాబట్టి ముందు పెద్ద గ్లాసులు పెట్టి బింబాన్ని దూరంగా నెట్టాలి. 1950లో ఫ్రాన్సులో ఆంజెన్యూ చేసిన 35 ఎం.ఎం. లెన్సు ఆ దారిలో మొదటి పేరున్న అడుగు. రేంజ్‌ఫైండర్‌లో అద్దం లేదు. లెన్సు షట్టరు దాకా వెళ్ళొచ్చు. అపర్చర్‌కి అటూ ఇటూ గ్లాసులు ఇంచుమించు సమంగా పేర్చుకోవచ్చు. అలా పేరిస్తే గీతల వంపు దానంతటదే చాలావరకు రద్దయిపోతుంది. ఇళ్ళు తీసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? స్తంభం స్తంభంలా నిలబడాలి, చూరు చూరులా సాగాలి.

ఈ పరీక్షంతా ఫిలిం మీదే చేయడానికీ ఇదే కారణం. వెనక్కి అంతగా చొచ్చుకొచ్చిన లెన్సులో మూలలకి వెళ్ళే కిరణాలు బాగా ఏటవాలుగా పడతాయి. ఫిలిం దాన్ని సహిస్తుంది. చాలా డిజిటల్ సెన్సర్లు సహించవు, అంచులకి ఊదారంగు పూస్తాయి. ఈ లెన్సుల్ని అక్కడ తూచడం వాటికి అన్యాయం.

ఫిబ్రవరి, మొదటి వారం

ఫిలిం ఎక్కించే ముందు ఫోకస్ సరిచూడాలి. జోర్కి-4 వెనక తలుపు మొత్తం ఊడి వస్తుంది కాబట్టి పని తేలిక. అద్దాలు కోసే కొట్లో పల్చని గాజుముక్క కోయించి, ఆటో స్పేర్ పార్టుల కొట్లో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్టుతో ఒక వైపు అరగదీశాను. ఆ గరుకు వైపు లెన్సుకి ఎదురుగా ఉండాలి, ముక్క లోపలి పట్టాల మీద కూర్చోవాలి. బయటి పట్టాలు ఫిలింని నొక్కే రేకు కోసం. షట్టరు బి మీద (నొక్కినంతసేపూ తెరిచే ఉండేలా) పెట్టి కేబుల్ రిలీజ్ బిగించి, వెనక నుంచి లూపుతో, అంటే చిన్న భూతద్దంతో, చూశాను.

మేడ మీద నుంచి డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ కనబడుతుంది. లెన్సు మీది అనంతం గుర్తుని, అంటే అతి దూరపు ఫోకస్‌ని, సరిచూడటానికి అదే నా అనంతం. జూపిటర్, సమ్మారాన్, కెనాన్ మూడూ అనంతం గుర్తు దగ్గర సరిగ్గా నిలిచాయి. ఓరియన్ ఎఫ్/6 కావడం వల్ల బింబం మసగ్గా ఉండి తేల్చుకోవడం కష్టమైంది. సాయంత్రం లైట్‌హౌస్ దీపం వెలిగాక మళ్ళీ చూస్తే ఆ చుక్క గట్టిగా కుదిరింది. మసక లెన్సుకి ఫోకస్ చూడాలంటే దూరపు దీపం మంచి ఆసరా.

దగ్గర దూరంలో రేంజ్‌ఫైండర్ చెప్పేదీ గాజు చెప్పేదీ కలవాలి. కెమెరా లోపల లెన్సు వెనక అంచుని తాకే చేయి లైకాలోనైతే చిన్న చక్రం, జోర్కిలో కొస తేలిన ఇనుప వేలు. తాకే చోటు ఒకటి కాకపోతే అనంతం దగ్గర సరిపోయి మీటరు దగ్గర తప్పే ప్రమాదం ఉంది. నా నాలుగూ ఒక మీటరు దగ్గర కలిశాయి. 35 ఎం.ఎం. లెన్సు ఎఫ్/2.8 దగ్గర, మీటరు దూరంలో నిఖార్సుగా నిలిచే లోతు దాదాపు 14 సెంటీమీటర్లు. చిన్న తేడా ఉన్నా అందులో మునిగిపోతుంది. 50 ఎఫ్/1.5 లాంటి లెన్సుతో ఈ ధీమా పనికిరాదు.

ఫిబ్రవరి, మూడో వారం

టార్చి పరీక్ష. చీకటి గదిలో వెనక నుంచి టార్చి కొట్టి ముందు నుంచి ఏటవాలుగా చూస్తే లెన్సు జాతకమంతా కనబడుతుంది. జూపిటర్‌లో కొద్దిగా దుమ్ము తప్ప మరేం లేదు. కెనాన్ ముందు గ్లాసు మీద తుడుపు గీతలు. ఓరియన్‌లో అంచున ఫంగస్ మొదలైంది, ముగ్గులో తీగలా సన్నగా పాకుతోంది. సమ్మారాన్ పరిస్థితి మాత్రం బాధగా ఉంది. అపర్చర్ రేకులకి రెండు పక్కలా గ్లాసు మీద తెల్లని పొర. ఈ లెన్సుకి ఇది పాత జబ్బే. లోపలి నూనె ఆవిరై గ్లాసు మీద పేరుకుంటుంది. మన ఊరి గాలి దాన్ని ఇంకాస్త ముదరబెడుతుంది.

మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఓరియన్ని తిప్పి చూసి, "ఏటి బాబూ, ఎఫ్/6 లెన్సు కొన్నావా? పెళ్ళి పందిట్లో దీంతో ఏటి తీస్తావు?" అన్నారు.

"పెళ్ళిళ్ళకి కాదు మాస్టారూ, పాత ఊళ్ళో ఇళ్ళకి."

"ఇళ్ళకైతే సరే. ఇల్లు నిన్ను కంగారు పెట్టదు. ఇంతకీ నా సమ్మారాన్‌కి పొర పట్టేసిందా? పదేళ్ళై బీరువాలోనే ఉండిపోయింది, గాలి తగల్లేదు దానికి."

ఆయన అనుమతితో దాన్ని ఒక పాత మెకానిక్ చేతికిచ్చాను. అయితే తుడిపించే ముందు కొన్ని ఫ్రేములు తీసి పెట్టుకున్నాను, పొర ఉన్నప్పుడూ పోయాకా తేడా ఎంతో తెలియాలని. ఓరియన్ ఫంగస్‌కి ఆ మెకానిక్ హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా సమపాళ్ళలో కలిపి తుడిచారు. తీగలు పోయాయి. ఒక చోట గ్లాసు మీది కోటింగ్‌ని కొరికిన జాడ మాత్రం మిగిలింది. కొరికినది తిరిగి రాదు. ఫంగస్‌ని మొదట్లోనే పట్టుకోవాలని అందరూ మొత్తుకునేది ఇందుకే.

మార్చి, మొదటి వారం

పరీక్ష స్థలం కురుసుర. ఆర్కే బీచ్ ఇసుకలో నిలబెట్టిన ఈ జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది, 2002 నుంచి మ్యూజియం. సోవియట్ దేశంలో కట్టిందే. రోడ్డుకి అటు పక్కన 1988 నుంచి 2017 దాకా నౌకాదళం నడిపిన టీయూ-142 విమానం, అదీ అక్కడిదే. నా రెండు సోవియట్ లెన్సులకీ ఇవి ఒకే దేశపు చుట్టాలు. వాటినే ఎంచుకోవడానికి కారణం మాత్రం వేరు. తొంభై మీటర్లు దాటిన పొడవైన ఒళ్ళు, రేకుల అతుకులు, సన్నని రెయిలింగులు, తాళ్ళు. ఏ మూల మెత్తబడినా అక్కడ దాక్కోలేదు.

వెలుగు కూడా కలిసొస్తుంది. మన సముద్రం తూర్పున. పొద్దున రోడ్డు మీద నుంచి తీస్తే సూర్యుడు కురుసుర వెనక, లెన్సుకి ఎదురుగా ఉంటాడు. సాయంత్రమైతే మన వీపు వెనక. ఒకే చోటు నుంచి పొద్దున ఫ్లేర్ (ఎదురు వెలుగు లెన్సులో చెదిరి బొమ్మ మీద పరుచుకోవడం) పరీక్ష, సాయంత్రం మూలల పరీక్ష.

ఫిలిం ఎఫ్‌పీ4 ప్లస్, స్పీడు (వెలుగుకి స్పందించే వేగం) 125. నాలుగు లెన్సులూ ఒకే రీలు మీద. ఒక అపర్చర్ దగ్గర నాలుగూ మార్చి మార్చి, తర్వాతి అపర్చర్‌కి వెళ్ళడం. అలాగైతే ఎండ మారినా, డెవలపింగ్‌లో తేడా వచ్చినా నాలుగిటికీ ఒకేలా తగులుతుంది. లెన్సు మార్చేటప్పుడు గాలికి అడ్డంగా గొడుగు పట్టాను. ఇసుక ఒక ఎత్తు, గాలిలో ఉప్పు తుంపర ఇంకో ఎత్తు. జూపిటర్ని బిగించేటప్పుడు ఇంకా జాగ్రత్త. దాని వెనక గ్లాసు బుడిపెలా బయటికి పొడుచుకొచ్చి షట్టరు గుడ్డకి బాగా దగ్గర దాకా వెళుతుంది. మామూలు వెనక మూత దానికి సరిపోదు, లోతైనది కావాలి. వెలుగు కొలిచే మీటరు చేయి లోపల ఊగే కొన్ని కెమెరాలకి అసలు బిగించకూడదు. జోర్కికి ఇబ్బంది లేదు.

పొద్దున ఫలితాలు నెగటివ్ మీద లూపుతో చూసినవి:

సూర్యుడు ఫ్రేముకి కాస్త బయట, టవర్‌కి పైన ఉన్నప్పుడు జూపిటర్ నీడలు నల్లగా నిలిచాయి. కిందికి ఒక తెల్లని మచ్చ వచ్చింది. కెమెరాని కొద్దిగా తిప్పితే పోయింది. సూర్యుణ్ణి ఫ్రేములోకి రానిచ్చినప్పుడు మచ్చలు వరస కట్టాయి. పొరతో ఉన్న సమ్మారాన్ పరిస్థితి చెప్పనక్కర్లేదు, కురుసుర మొత్తం పొగమంచులో ఉన్నట్టుంది, తాళ్ళ అంచులు కరిగిపోయాయి. కెనాన్ ఎఫ్/3.5 దగ్గర ఇంచుమించు అంతే, కానీ ఎఫ్/8 దగ్గర గుర్తుపట్టలేనంత బాగుపడింది. ఓరియన్ నన్ను ఆశ్చర్యపరిచింది. నీడల్లో కొద్దిగా వెలుగు నిండింది తప్ప మచ్చ అంటూ లేదు. అందులో నాలుగే గ్లాసులు. నాలుగూ విడివిడిగా, గిన్నెల్లా బాగా వంగి, అపర్చర్‌కి అటు రెండు ఇటు రెండు.

ఈ అమరిక ఓరియన్ సొంతం కాదు. 1930ల్లో జర్మనీ లెన్సుల కంపెనీ జైస్‌లో రాబర్ట్ రిష్టర్ విమానాల నుంచి నేలను కొలవడానికి చేసిన టోపోగాన్ దీనికి తల్లి. పటం గీసే లెన్సులో గీత వంగితే రోడ్డు వంగుతుంది. అందుకే వేగాన్ని వదులుకుని గీతని పట్టుకున్నాడాయన. జూపిటర్-12 కథ కూడా జైస్ ఇంటిదే. కాంటాక్స్ కెమెరా కోసం లుడ్విగ్ బెర్టెలే గీసిన 35 ఎం.ఎం. బయోగాన్ దాని మూలం. యుద్ధం తర్వాత జర్మనీ నుంచి నష్టపరిహారం కింద యంత్రాలు, గాజు సోవియట్‌కి తరలాయి. మొదట బయోగాన్ క్రాస్నోగోర్స్క్ అనే అర్థంలో బీకే-35గా వచ్చింది, తర్వాత జూపిటర్ అయింది. నాది లిట్కారినోలో చేసిన నల్ల లెన్సు, నంబరులో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం చెబుతాయి. ఇంకో సంగతి. యుద్ధానంతర కాంటాక్స్‌లో లోపలి చోటు మారిపోయి యుద్ధానికి ముందరి బయోగాన్ పట్టలేదు, జైస్ తన లెన్సుని తానే మళ్ళీ గీసుకోవలసి వచ్చింది. రష్యా వాళ్ళు మాత్రం పాత గీతనే దశాబ్దాలు నడిపారు. అది నా అదృష్టం అనే అనుకుంటాను.

మార్చి, చివరి వారం

సాయంత్రపు ఫ్రేములు, కురుసురవీ టీయూ-142వీ. విమానం రెక్కలు సుమారు 50 మీటర్లు. ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లని ఫ్రేము మూలకి తెచ్చి, ఆ రేకుల అంచు ఏ అపర్చర్ దగ్గర గట్టిపడుతుందో చూశాను.

ఇక్కడ ఒక లెక్క నా కళ్ళు తెరిపించింది. మంచి ఎండలో 125 ఫిలింకి ఎఫ్/16 దగ్గర షట్టర్ 1/125 సెకను. ఎఫ్/8కి 1/500. ఎఫ్/5.6కి 1/1000, జోర్కిలో అదే ఆఖరు. ఎఫ్/2.8 వాడాలంటే 1/4000 కావాలి, అది లేదు. అంటే ఈ ఊరి ఎండలో, ఈ ఫిలింతో, ఎఫ్/5.6 కన్నా పెద్ద అపర్చర్ నేనెలాగూ వాడలేను. ఓరియన్ పూర్తిగా తెరిచే చోటు, జోర్కి షట్టర్ ఆగిపోయే చోటు దాదాపు ఒక్కటే. వేగం కోసం ఎక్కువ డబ్బు పోసే ముందు ఎవరైనా ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. పూర్తిగా తెరిచిన మూలల పరీక్షలన్నీ పొద్దుగూకే వేళ నీడలోనే తీశాను. ఎన్‌డీ (వెలుగు తగ్గించే) ఫిల్టరు పెడదామంటే జూపిటర్, ఓరియన్ రెండిటికీ 40.5 ఎం.ఎం., మిగతా వాటికి వేరే కొలతలు. లెన్సుకో ఫిల్టరు పెడితే పోలిక చెడుతుంది.

జూపిటర్ ఎఫ్/2.8 దగ్గర మధ్యలో చక్కగా కోస్తుంది, మూలలు మెత్తన. ఎఫ్/5.6కి మూలలు చేరుకుంటాయి, ఎఫ్/8కి పూర్తిగా వస్తాయి. తుడిపించిన సమ్మారాన్ వేరే మనిషి. ఎఫ్/3.5 దగ్గరే మధ్యకీ మూలకీ తేడా తక్కువ, అంతా ఒకే తీరున ఉంటుంది, కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల తేడా) మాత్రం కాస్త తగ్గు. ఎఫ్/8 దగ్గర నాలుగిట్లో అందరికన్నా పై మెట్టు దానిదే, రెయిలింగ్ బోల్టులు కూడా లెక్కపెట్టొచ్చు. కెనాన్ ఎఫ్/3.5 దగ్గర మూలలు చీకటి, ఎఫ్/5.6 నుంచి మర్యాదగా ఉంటుంది. ఓరియన్ ఎఫ్/6 దగ్గర ఎంతో, ఎఫ్/11 దగ్గరా అంతే. మొదటి నుంచే సిద్ధంగా ఉన్న లెన్సు.

మూలల చీకటి గురించి ఒక మాట. కెనాన్‌లో అపర్చర్ మూస్తే కొంత తగ్గింది. ఓరియన్‌లో మూసినా కొంచెమే తగ్గింది. వాలుగా వచ్చే వెలుగుకి మూలలో బలం తగ్గడం జ్యామితిలోనే ఉంది, ఆ కోణపు కొసైన్ నాలుగో ఘాతం ప్రకారం. 35 ఎం.ఎం. లెన్సుకి మూలలో సుమారు సగం వెలుగు, 28కి 40 శాతం. అపర్చర్ మూస్తే పోయే చీకటి లెన్సు గొట్టం అడ్డు పడటం వల్ల వచ్చింది. మూసినా పోనిది ఈ లెక్కది. పాత ఇళ్ళ బొమ్మల్లో ఆ రెండో రకం చీకటి నాకు ఇష్టమే. ఆకాశం మూలలు కాస్త దిగి, చూపు గుమ్మం మీదికి చేరుతుంది.

ఏప్రిల్

ఎండలు ముదిరాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు పొద్దున పదింటికే వెచ్చగా వస్తున్నాయి. డెవలపర్ (ఫిలిం మీద బొమ్మ తేల్చే మందు) ఇంట్లోనే కలుపుకుంటున్నాను, డి-76. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. మెటాల్ ముందు కరగాలి. సల్ఫైట్ చిటికెడే ముందు వేసి, మెటాల్ కరిగాక మిగతాది పోయాలి, మొత్తం సల్ఫైట్ ముందే పోస్తే మెటాల్ మొరాయిస్తుంది. టబ్బులో ఐసు వేసి సీసాలు, ఫిక్సరు, కడిగే నీళ్ళ మగ్గు అన్నీ 20 డిగ్రీలకి దించాను. ఒక్క డెవలపరే చల్లగా ఉండి, కడిగే నీళ్ళు వేడిగా ఉంటే జిలటిన్ దెబ్బతింటుంది.

గోడ పరీక్ష కూడా ఈ నెలే ముగించాను. అపార్టుమెంటు వెనక పూత పూయని సిమెంటు ఇటుకల గోడకి కెమెరా ఖచ్చితంగా సమాంతరంగా పెట్టి నాలుగూ తీశాను. వరసలు నాలుగిట్లోనూ దాదాపు నిటారే. ఓరియన్లో స్కేలు పెట్టినా వంపు దొరకలేదు, కెనాన్‌లో అంచున పిసరంత ఉంది. ఇంతకు మించి చెప్పేదేం లేదు.

మే, రెండో వారం

లూపు పక్కన పెట్టి పాత ఊళ్ళోకి వెళ్ళాను. పరీక్షలో గెలిచినది సందులో గెలవాలని లేదు.

మొదటి సమస్య చూడటం. జోర్కి వ్యూఫైండర్ 50కే. కెమెరా పైనున్న షూలో, అంటే తగిలించే గాడిలో, సోవియట్ టరెట్ ఫైండర్ బిగించాను, తిప్పితే 28, 35, 50, 85, 135 మారుతాయి. ఫోకస్ ఒక కిటికీలో, ఫ్రేము ఇంకో కిటికీలో. అలవాటైతే తొందరగానే వస్తుంది, అసలైతే వైడ్‌తో ఫోకస్ చూడాల్సిన అవసరమే తక్కువ. 35 ఎఫ్/8 దగ్గర 5 మీటర్లకి పెడితే రెండున్నర మీటర్ల నుంచి అనంతం దాకా సరిపోతుంది. ఓరియన్ ఎఫ్/8 దగ్గర మూడుంబావు మీటర్లకి పెడితే సుమారు 1.6 మీటర్లు దాటినదంతా లోపలే. కురుపాం మార్కెట్ సందులో నేను ఫోకస్ రింగు ముట్టుకున్నది అరుదు.

అపర్చర్ మార్చడంలో మాత్రం జూపిటర్ విసిగిస్తుంది. దాని రింగు ముందు గిన్నె లోపల, వేలు లోనికి పెట్టి తిప్పాలి, క్లిక్కులు లేవు, గ్లాసు మీద వేలిముద్ర పడుతుందేమోనని గుండె పీకుతుంది. సమ్మారాన్ చేతిలో ముచ్చటగా ఉంటుంది, కాస్త బరువు, ఫోకస్ నాబ్ బొటనవేలికి దానంతటదే దొరుకుతుంది.

మే నెల మధ్యాహ్నపు వెలుగు ఇక్కడ ఎంత కర్కశమో ఫిలింలో చూస్తేనే తెలుస్తుంది. సున్నం గోడ మంటలా, పక్కనే వరండా లోపల చీకటి. జూపిటర్ నెగటివ్‌లో వరండా చాలా చోట్ల గాజులా ఖాళీ. అదే గుమ్మం, అదే ఎక్స్‌పోజర్, సమ్మారాన్ నెగటివ్‌లో లోపలి చెక్క స్తంభం, గోడకి తగిలించిన పాత ఫోటోలు కనబడుతున్నాయి. ఓరియన్ కూడా అంతే. వీటి ఒక్క పొర కోటింగుల్లోంచి చెదిరిన వెలుగు కాస్త నీడల మీద సమంగా పడి, ఫిలిం స్పందించే మెట్టు దాకా వాటిని ఎత్తుతుంది. ఆ మెట్టు ఎక్కాక నీడలో నిజంగా ఉన్న వివరం నమోదవుతుంది. ఎండ గోడకి ఆ కొద్దిపాటి వెలుగు లెక్కలోకే రాదు.

ఈ గుణానికీ ఫిబ్రవరిలో చూసిన పొరకీ తేడా స్పష్టంగా రాసుకోవాలి, ఎందుకంటే రెండిటినీ కలిపి 'పాత లెన్సు అందం' అనేస్తుంటారు. పొర ఉన్నప్పటి సమ్మారాన్ ఫ్రేము పక్కన తుడిపించాక తీసినది పెట్టి చూశాను. మొదటిదాంట్లో ఎండ గోడ అంచు వరండాలోకి పొంగి పారింది, పెంకుల గీతలు చెరిగాయి. రెండోదాంట్లో నీడ తేలికపడింది, గీత మాత్రం గీతలాగే ఉంది. కాంట్రాస్ట్ తక్కువ అన్న మాట రెండిటికీ సరిపోయినా, ఒకటి లెన్సు గీసినవాడి పని, రెండోది నిర్లక్ష్యం చేసిన జబ్బు. పాత లెన్సులని పోల్చి రాసిన చాలా మాటల్లో పోలుస్తున్నది లెన్సులనా, వాటి జబ్బులనా అన్న అనుమానం నాకిప్పుడు వదలడం లేదు. టార్చి పరీక్ష చేయని పోలికని ఇకమీద నమ్మను.

జనం ఉన్న బొమ్మల్లో 28 కన్నా 35 నయం. 28లో అంచున నిలబడ్డ మనిషి ముఖం బయటికి సాగుతుంది. ఇది లెన్సు లోపం కాదు, గోళాన్ని అంత వాలుగా చదును మీద పరిస్తే అంతే. ఇత్తడి బిందె అంచుకి వస్తే కోడిగుడ్డు ఆకారం అవుతుంది. ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని, "మా ఇల్లు మొత్తం వస్తాదా బాబూ, మామ్మ కూడా వస్తాదా?" అని అడిగారు. "ఇల్లూ వస్తాది మామ్మా, నువ్వూ వస్తావు, కాస్త నడుమకి జరుగు" అన్నాను. ఆ ఫ్రేము సమ్మారాన్‌తోనే తీశాను.

ఎండలో తిరిగేవాళ్ళకి ఒక హెచ్చరిక. రేంజ్‌ఫైండర్లో అద్దం అడ్డం లేదు, లెన్సు వెనక ఉన్నది రబ్బరు పూసిన గుడ్డ షట్టరు. అనంతం దగ్గర పెట్టిన లెన్సు సూర్యుడి వైపు తిరిగి ఉండిపోతే భూతద్దంలా గుడ్డని కాల్చి చిల్లు పెడుతుంది. మెడలో వేలాడేటప్పుడు మూత పెట్టాలి. జోర్కికి ఇంకో నియమం: ముందు ఫిలిం వైండ్ చేయడం, తర్వాతే షట్టర్ స్పీడు మార్చడం. ఈ వరస తలకిందులు చేస్తే లోపలి పళ్ళు దెబ్బతింటాయి.

జూన్, మూడో వారం

వానలు పడ్డాయి, గాలిలో తేమ పట్టపగలే చేతికి తగులుతోంది. లెన్సులన్నీ బిగుతు మూతల ప్లాస్టిక్ డబ్బాలో, లోపల హైగ్రోమీటర్, సిలికా జెల్. ముల్లు 40కీ 50కీ మధ్య నిలబెట్టడం నా నియమం. జెల్ గులాబీ రంగుకి తిరగ్గానే విడిగా ఉంచిన పెనం మీద వేడి చేసి నీలం చేసుకుంటున్నాను. తోలు సంచుల్లో మాత్రం పెట్టను, ఫంగస్‌కి తోలే ఇల్లు.

ఇళ్ళకి ఓరియన్ ఖాయం. మనుషులున్న అరుగులకి సమ్మారాన్, మాస్టారు ఇచ్చినన్నాళ్ళు. ఆయనకి ప్రింట్లు చూపిస్తే ముందు పొర ఫ్రేము, తర్వాత శుభ్రమైన ఫ్రేము పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "బీరువాలో పెట్టీకన్నా నీ మెళ్ళో ఉంటేనే దానికి ఆరోగ్యం. పని అయ్యీదాకా ఉంచు" అన్నారు. జూపిటర్ వాన మబ్బుల వేళకి, వరండాల లోపలికి. వెలుగు తక్కువైనప్పుడు దాని ఎఫ్/2.8, దాని గట్టి కాంట్రాస్ట్ రెండూ అక్కరకొస్తాయి, మబ్బు వేళ చప్పబడే బొమ్మకి అదే కావాలి. కెనాన్ మంచి లెన్సే, జేబులో పట్టేంత చిన్నది, ఓరియన్ లేకపోతే దాంతోనే తృప్తి పడేవాణ్ణి. గాజువాకకి తిరిగి చేర్చాను.

మిగిలిన ప్రశ్న ఒకటి. రాస్ హిల్ దిగువన ఒక మేడకి ఎదురుగా ఉన్న సందు మరీ ఇరుకు, 28 కూడా చాలడం లేదు. మిహైల్ రుసినోవ్ గీసిన రుసార్ ఎం.ఆర్-2, 20 ఎం.ఎం. ఎఫ్/5.6, అడుగుతున్నాను. ఒక మిత్రుడి మిత్రుడి దగ్గర ఉందట. 20కి మామూలు లెక్కలో మూలల్లో ఐదో వంతు వెలుగే మిగలాలి. అంచు గ్లాసులని బాగా వంచి, పక్క నుంచి చూసినప్పుడు అపర్చర్ పెద్దదిగా కనబడేలా చేసి రుసినోవ్ ఆ నష్టాన్ని కొంత తగ్గించాడు. అదెంతో నా నెగటివ్ మీద చూడాలని ఉంది. టరెట్ ఫైండర్ 28 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి 20కి వేరే ఫైండర్ కూడా వెతకాలి. లెన్సు వస్తే ముందు టార్చి, తర్వాత గరుకు గాజు, ఆ తర్వాతే ఫిలిం.